పైథాన్‌లో తెలుగు పాఠ్యం: ఏ ఎన్‌కోడింగ్, ఏ కొలత, ఎక్కడ వాడాలి

కొన్నేళ్ల క్రితం ఒక గ్రంథాలయ సభ్యుల జాబితాను పాత డేటాబేసు నుంచి కొత్తదానిలోకి మార్చే పని నాకు అప్పగించారు. పాత పట్టికలో పేరు గడి పొడవు 20 అని ఉంది. "వెంకటేశ్వర్లు" అన్న పేరులో మన కంటికి కనిపించేవి వెం, క, టే, శ్వ, ర్లు అనే 5 అక్షరాలే కాబట్టి 20 ధారాళంగా సరిపోతుందని ఆ పట్టికను తయారుచేసినవారు అనుకొని ఉంటారు. అయితే ఆ 20 లెక్కించేది అక్షరాలను కాదు, బైట్లను. అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతుల్లో ఒకటైన యూటీఎఫ్-8లో ఆ పేరు 39 బైట్లు పడుతుంది. 20 దగ్గర తెగినప్పుడు "వెంకటే" వరకు 18 బైట్లు నిలిచి, తరువాతి శకారపు మూడు బైట్లలో రెండు మాత్రమే మిగిలాయి. ఆ మిగిలిన రెండు బైట్లు ఏ అక్షరమూ కాలేవు కనుక పైథాన్ ఆ వరుస దగ్గర తప్పు చూపించి ఆగిపోయింది. అదే పేరును పైథాన్‌లో లెన్ ఫంక్షన్‌కు ఇస్తే 13 అని వస్తుంది. ఒకే పేరుకు 5, 13, 39 అని మూడు పొడవులున్నాయి, మూడూ సరైనవే. ఏ పనికి ఏ పొడవును నమ్మాలో ముందే తేల్చుకోకపోవడం వల్లనే తెలుగు పాఠ్యంతో పనిచేసే ప్రోగ్రాముల్లో ఎక్కువ పొరపాట్లు వస్తున్నాయని ఆ పని తరువాత నాకు గట్టిగా అనిపించింది. అందుకే ఎంపికలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఈ వ్యాసంలో పరిశీలిస్తున్నాను.

ముందుగా రెండు విషయాలను వేరుచేయాలి. ఏ గుర్తుకు ఏ సంఖ్య అన్నది సంకేత సమితి నిర్ణయిస్తుంది. ఆ సంఖ్యను బైట్లుగా ఎలా రాయాలన్నది ఎన్‌కోడింగ్ నిర్ణయిస్తుంది. ప్రపంచ లిపులకు సంఖ్యలిచ్చే సంకేత సమితి యూనికోడ్‌లో తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు కేటాయించారు. పైథాన్‌లో ఆర్డ్ ఫంక్షన్‌కు "క" ఇస్తే 3093 వస్తుంది, పొల్లు గుర్తుకు 3149 వస్తుంది. గుణింతపు గుర్తులకు వేరువేరు సంఖ్యలున్నాయి గాని, వత్తులకు ప్రత్యేక సంఖ్యలు లేవు; పొల్లు తరువాత హల్లు వస్తే దాన్ని వత్తుగా చూపించడం ఫాంటు పని. కాబట్టి "శ్రీ" అంటే శకారం, పొల్లు, రేఫం, ఈకారపు గుర్తు అనే నాలుగు సంకేతాలు (సొంత సంఖ్య ఉన్న ప్రతి గుర్తూ ఒక సంకేతం). ఈ సంఖ్యల విషయంలో మనకు ఎంపిక లేదు, ఉండవలసిన అవసరమూ లేదు. ఎంపిక ఉన్నది ఎన్‌కోడింగ్‌లోనూ, పాఠ్యాన్ని కొలిచే పద్ధతిలోనూ.

నిల్వకు, రవాణాకు ఏ ఎన్‌కోడింగ్

యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికి 3 బైట్లు, యూటీఎఫ్-16లో 2, యూటీఎఫ్-32లో 4 పడతాయి. "తెలుగు" అన్న మాట 6 సంకేతాలు కాబట్టి వరుసగా 18, 12, 24 బైట్లు అవుతుంది. ఈ లెక్క చూసి తెలుగుకు యూటీఎఫ్-16 మేలని వాదించేవారున్నారు. కేవలం తెలుగు అక్షరాలే ఉన్న పాఠ్యానికి ఆ వాదం నిజమే. కానీ నిజమైన ఫైళ్లలో పదాల మధ్య ఖాళీలు, కామాలు, అంకెలు, పంక్తి మలుపులు, హెచ్‌టీఎంఎల్ ట్యాగులు, జేసన్ గడుల పేర్లు ఉంటాయి. ఇవన్నీ యూటీఎఫ్-8లో ఒక్కొక్క బైటు, యూటీఎఫ్-16లో రెండేసి బైట్లు తీసుకుంటాయి. వెబ్ పేజీల్లో ట్యాగుల వాటా పెరిగేకొద్దీ తేడా తగ్గుతుంది, ఒక్కోసారి తిరగబడుతుంది కూడా. పైగా పంపేటప్పుడు జిజిప్ లాంటి కుదింపు వాడితే, తెలుగు సంకేతాలన్నీ ఒకే రకం బైట్లతో మొదలవుతాయి కాబట్టి, ఆ మూడో బైటు భారం చాలావరకు కరిగిపోతుంది.

యూటీఎఫ్-16కు మరో చిక్కు ఉంది. రెండు బైట్లలో ఏది ముందు రాయాలన్న ప్రశ్న వస్తుంది, దానికి జవాబుగా ఫైలు మొదట్లో ఒక క్రమసూచిక గుర్తు పెట్టవలసి వస్తుంది. పైథాన్‌లో యూటీఎఫ్-16 అని రాస్తే ఆ గుర్తును తానే చేరుస్తుంది, యూటీఎఫ్-16-ఎల్ఈ అని రాస్తే చేర్చదు. రాసినవారు ఒకటి, చదివేవారు మరొకటి వాడితే పాఠ్యం మొదట్లోనే కంటికి కనిపించని ఒక గుర్తు మిగిలిపోతుంది. యూటీఎఫ్-8లో ఇటువంటి గొడవ లేదు. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ దాన్ని రూపొందించినప్పుడు చేసిన ఏర్పాటు వల్ల, బైట్ల వరుసను మధ్యలో ఎక్కడ పట్టుకున్నా తరువాతి సంకేతం ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోవచ్చు. సగం తెగిన లాగ్ ఫైలును బాగుచేసుకోవలసి వచ్చినప్పుడు ఈ గుణం విలువ తెలుస్తుంది. అందుచేత ఫైళ్లకు, నెట్‌వర్కుకు, డేటాబేసుకు యూటీఎఫ్-8నే ఎంచుకోవాలన్నది నా స్థిరమైన అభిప్రాయం.

ఈ నియమానికి నేను ఒప్పుకునే మినహాయింపు ఎక్సెల్ కోసం తయారుచేసే సీఎస్‌వీ ఫైళ్లు, అంటే గడులను కామాలతో వేరుచేసే పట్టికలు. సాదా యూటీఎఫ్-8 సీఎస్‌వీని విండోస్‌లో నేరుగా ఎక్సెల్‌తో తెరిస్తే తెలుగు చెదిరిపోవడం చాలామందికి అనుభవమే. అటువంటి ఫైలును యూటీఎఫ్-8-సిగ్ అనే పేరుతో రాస్తే, మొదట్లో 239, 187, 191 అనే మూడు బైట్లు చేరి ఎక్సెల్ సరిగా గుర్తిస్తుంది. తిరిగి చదివేటప్పుడు కూడా అదే పేరు ఇవ్వాలి. సాదా యూటీఎఫ్-8గా చదివితే మొదటి గడి శీర్షిక ముందు 65279 సంఖ్య గల అదృశ్య గుర్తు అంటుకొని, "ఆ పేరుతో గడి లేదు" అన్న తప్పు కారణం తెలియకుండా వేధిస్తుంది.

ఐఎస్‌సీఐఐ గురించి కూడా చెప్పాలి. 1991లో ఐఎస్ 13194గా వచ్చిన ఈ భారతీయ ప్రమాణంలో ప్రతి తెలుగు సంకేతానికి ఒకే బైటు చాలు, పైగా భారతీయ లిపులన్నిటికీ సమానమైన అక్షరాలకు ఒకే సంఖ్య. యూనికోడ్‌లో మన లిపుల అమరిక దాని 1988 నాటి రూపాన్ని అనుసరించినదే. కానీ ఒక బైటు ఏ లిపికి చెందినదో ఫైలు బయటి సమాచారంతోనో, మధ్యలో వచ్చే లిపిమార్పు గుర్తుతోనో తప్ప తెలియదు. ఈనాడు కొత్త పనికి దాన్ని ఎంచుకోవడానికి కారణమేదీ లేదు. పాత ఫైళ్లు చేతికి వస్తే, పైథాన్‌తో పాటు వచ్చే ఎన్‌కోడింగ్‌లలో అది లేదు కనుక యూనికోడ్ పాఠ్యపు పనుల కోసం తయారైన ఐసీయూ అనే లైబ్రరీ ద్వారా మార్చుకోవాలి. విండోస్ దాని తెలుగు రూపాన్ని 57005 అనే కోడ్‌పేజీ (అక్కడ ఎన్‌కోడింగ్ పట్టికకు పేరు) సంఖ్యతో గుర్తిస్తుంది.

డీటీపీ పనిలో దశాబ్దాలుగా వాడుతున్న అను ఫాంట్ల వంటివి దీనికంటే భిన్నమైనవి. అక్కడ ఫైలులో ఉన్నవి లాటిన్ సంకేతాలే. వాటికి తెలుగు బొమ్మలను తొడిగేది ఫాంటు. కాబట్టి వాటిని ఏ ఎన్‌కోడింగ్ పేరుతో చదివినా తెలుగు రాదు, ఆ ఫాంటుకే ప్రత్యేకించిన మార్పిడి పట్టిక కావాలి. అందులోనూ ఒక్కొక్క అక్షరాన్ని మార్చుకుంటూ పోతే చాలదు, ఎందుకంటే వత్తు, గుడి బొమ్మలు కంటికి కనిపించే క్రమంలో ఉంటాయి, యూనికోడ్‌లో ఉచ్చారణ క్రమంలో ఉంటాయి. మార్చాక మనిషి చదివి సరిచూడకుండా ఆ పాఠ్యాన్ని ప్రచురించకూడదు.

పేరు చెప్పకుండా తెరవడం

పైథాన్ 3లో ఓపెన్ ఫంక్షన్‌కు ఎన్‌కోడింగ్ పేరు ఇవ్వకపోతే, ఇప్పటివరకు ఎక్కువమంది వాడుతున్న రూపాల్లో అది కంప్యూటరు స్థానిక అమరికను బట్టి నిర్ణయమవుతుంది. లినక్స్‌లో అది సాధారణంగా యూటీఎఫ్-8, విండోస్‌లో తరచుగా 1252 కోడ్‌పేజీ. అందుకే ఒకరి కంప్యూటరులో నడిచిన ప్రోగ్రాము మరొకరి దగ్గర ఆగిపోతుంది. ఈ ఆగిపోవడం వెనుక ఉన్న కారణం ఆసక్తికరమైనది. తెలుగు సంకేతాలన్నీ యూటీఎఫ్-8లో 224తో మొదలై, రెండో బైటుగా 176 గాని 177 గాని వస్తాయి. 1252 కోడ్‌పేజీలో 129, 141, 143, 144, 157 సంఖ్యలకు ఏ గుర్తూ లేదు. ఉకారపు కొమ్ము చివరి బైటు 129, పొల్లు చివరి బైటు 141. అంటే కొమ్ము గాని వత్తు గాని ఉన్న పాఠ్యమైతే పైథాన్ వెంటనే తప్పు చూపిస్తుంది, అది మన అదృష్టమనే చెప్పాలి. "రామ" లాంటి మాటలో అవేవీ లేవు. అది మౌనంగా 9 లాటిన్ గుర్తులుగా మారి డేటాబేసులోకి వెళ్లిపోతుంది. నెత్తిన ఏటవాలు గీత ఉన్న లాటిన్ అక్షరం, దాని పక్కన డిగ్రీ గుర్తు, ఈ జంట పదే పదే కనిపిస్తే అది ఇలా చెడిన తెలుగే. దాన్ని తిరిగి 1252లోకి ఎన్‌కోడ్ చేసి, వచ్చిన బైట్లను యూటీఎఫ్-8గా డీకోడ్ చేస్తే చాలాసార్లు అసలు పాఠ్యం బయటపడుతుంది.

ఇక్కడ మూడు దారులున్నాయి. ప్రతి ఓపెన్ పిలుపులోనూ యూటీఎఫ్-8 అని స్పష్టంగా రాయడం మొదటిది. 3.7 నుంచి అందుబాటులో ఉన్న యూటీఎఫ్-8 విధానాన్ని మొత్తం ప్రోగ్రాముకు వర్తించేలా పెట్టడం రెండోది. యూటీఎఫ్-8నే సహజ అమరికగా తీసుకొనేలా నిర్ణయించిన 3.15 కోసం ఎదురుచూడటం మూడోది. నేను మొదటిదాన్నే ఎంచుకుంటాను. ఇతరుల చేతికి వెళ్లే ప్రోగ్రాము ఏ రూపంలో, ఏ అమరికతో నడుస్తుందో మన అదుపులో ఉండదు, కానీ మనం రాసిన పంక్తి మనతోనే వెళుతుంది. రెండోది సొంత సర్వరుకు బాగానే ఉంటుంది.

చెడిన బైట్లు ఎదురైనప్పుడు ఏం చేయాలన్నది కూడా ఎంపికే. అప్రమేయంగా ఉండే కఠిన పద్ధతి తప్పు చూపి ఆగుతుంది. రీప్లేస్ పద్ధతి ప్రశ్నార్థక గుర్తు ఉన్న వజ్రాకారాన్ని పెడుతుంది. ఇగ్నోర్ పద్ధతి చెప్పకుండా వదిలేస్తుంది. సరొగేట్‌ఎస్కేప్ పద్ధతి చెడిన బైట్లను దాచిపెట్టి, తిరిగి రాసేటప్పుడు యథాతథంగా ఇస్తుంది. మనుషుల పేర్లు, చిరునామాలు ఉన్న సమాచారానికి ఇగ్నోర్ వాడటం నేను ఎన్నడూ ఒప్పుకోను. తెలుగులో ఒక్క పొల్లు పోయినా పేరు మరొకటి అవుతుంది. మనమే ఉద్దేశపూర్వకంగా బైట్ల హద్దు దగ్గర కత్తిరించి, చివర మిగిలిన తునకను పారేయాలనుకున్నప్పుడు మాత్రం అది సరైన పనిముట్టు. ఫైళ్ల పేర్లను ముట్టుకోకుండా దాటించడానికి సరొగేట్‌ఎస్కేప్ మంచిది.

దేన్ని ఒక అక్షరంగా లెక్కించాలి

పైథాన్ లెన్ ఫంక్షన్ సంకేతాలను లెక్కిస్తుంది. గో భాష బైట్లను లెక్కిస్తుంది, కాబట్టి "శ్రీ"కి 12 ఇస్తుంది. రస్ట్ కూడా అంతే. జావా, జావాస్క్రిప్ట్ యూటీఎఫ్-16 ముక్కలను, అంటే రెండేసి బైట్ల భాగాలను, లెక్కిస్తాయి. తెలుగు సంకేతాలన్నీ ఒక్కొక్క ముక్కలోనే ఇముడుతాయి కనుక అక్కడ కూడా "శ్రీ"కి 4 వస్తుంది, కానీ చాలా ఎమోజీలకు ఒక్కొక్కదానికి కనీసం 2 వస్తుంది. కేవలం తెలుగుతో పరీక్షించి జావాస్క్రిప్ట్ ప్రోగ్రాము సరిగా ఉందనుకున్నవారికి, ఎవరో పేరు చివర పువ్వు బొమ్మ పెట్టినప్పుడు తేడా తెలుస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్8 అనే పాత పేరుతో చేసిన పట్టికల కథ కూడా ఇదే: అందులో ఒక సంకేతానికి 3 బైట్లే హద్దు, తెలుగు నిండుగా సరిపోతుంది, 4 బైట్ల ఎమోజీ సరిపోదు. అక్కడ యూటీఎఫ్8ఎంబీ4ను ఎంచుకోవాలి, 8.0 నుంచి అదే అప్రమేయం. ఒరాకిల్‌లో వేరే జాగ్రత్త కావాలి: విడిగా చెప్పకపోతే గడి పొడవును బైట్లలో తీసుకుంటుంది కాబట్టి 4000 అని రాసిన గడిలో 1333 తెలుగు సంకేతాలే పడతాయి. నా గ్రంథాలయ జాబితాకు పట్టిన గతి ఇటువంటిదే.

మనిషి అక్షరమనుకునేదానికి దగ్గరగా వచ్చే కొలత గ్రాఫీమ్ క్లస్టర్. స్విఫ్ట్ భాష దీన్నే ఒక అక్షరంగా తీసుకుంటుంది. అయితే 2023 సెప్టెంబరులో యూనికోడ్ 15.1 వచ్చేవరకు ఆ నియమాలు పొల్లు తరువాత తెంచేవి. "లక్ష్మి" పాత నియమాల ప్రకారం ల, క్, ష్, మి అని 4 ముక్కలు, 15.1లో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలకు చేర్చిన నియమం ప్రకారం ల, క్ష్మి అని 2. కాబట్టి పైథాన్‌లో రీజెక్స్ అనే అదనపు మాడ్యూలునో, ఐసీయూనో ఎంచుకొనేముందు, మీ దగ్గర ఉన్న రూపానికి "లక్ష్మి" ఇచ్చి ఎన్ని వస్తున్నాయో చూడండి. 4 వస్తే దానితో పేర్లను కత్తిరించకండి.

తెర మీద పాఠ్యాన్ని కుదించడానికి, అక్షరాలను విడివిడిగా చూపించే పదకేళి ఆటలకు గ్రాఫీమ్ క్లస్టరే కావాలి. వెనక్కి చెరిపే మీటకు మాత్రం అది పనికిరాదు: "క్ష్మి" టైపు చేస్తూ చివరి గుడి తప్పు పడినవారు ఆ గుడి ఒక్కటే పోవాలని కోరుకుంటారు గాని మొత్తం సంయుక్తాక్షరం పోవాలని కాదు. అక్కడ సంకేతమే సరైన కొలత. సెల్‌ఫోను సంక్షిప్త సందేశానికి మూడోది: తెలుగు ఒక్క అక్షరం ఉన్నా హద్దు 160 నుంచి 70కి పడిపోతుంది, ఆ 70 లెక్క యూటీఎఫ్-16 ముక్కల్లోనే. ఛందస్సును పరిశీలించే ప్రోగ్రాము రాసేవారికి ఈ మూడూ చాలవు. "కలెక్టర్"లో చివరి పొల్లు హల్లు "ర్" గ్రాఫీమ్ క్లస్టర్ల లెక్కలో విడి ముక్క, గురులఘువుల లెక్కలో మాత్రం ముందున్న అక్షరాన్ని గురువు చేస్తుంది. ఆ విభజనను మనమే రాసుకోవాలి, రాయడం కష్టమూ కాదు.

పదాలను విడదీయడానికి, నమూనాలను బట్టి పాఠ్యాన్ని వెతికే పైథాన్ సొంత ఆర్ఈ మాడ్యూలును వాడే తెలుగువారిని ప్రత్యేకంగా హెచ్చరించాలనుకుంటున్నాను. అందులో పదాక్షరాన్ని సూచించే డబ్ల్యూ గుర్తు గుణింతపు గుర్తులను, పొల్లును గుర్తించదు. "తెలుగు" ఇస్తే త, ల, గ అని మూడు మాటలు వస్తాయి. ఇదే కారణంగా ఈజ్‌ఆల్ఫా పద్ధతి "తెలుగు" అన్నది అక్షరాలతో కూడిన మాట కాదంటుంది. పేరు గడిని ఈజ్‌ఆల్ఫాతో తనిఖీ చేసే ఫారాలు మన పేర్లను తిప్పికొట్టేది ఇందువల్లనే. రీజెక్స్ మాడ్యూలులో అదే గుర్తు సరిగా పనిచేస్తుంది కాబట్టి తెలుగుకు దాన్నే ఎంచుకోవాలి. అంకెల గుర్తు విషయం దీనికి విరుద్ధం: ఆర్ఈలో అది తెలుగు అంకెలను కూడా అంగీకరిస్తుంది, ఇంట్ ఫంక్షన్ "౧౨"ను 12గా మారుస్తుంది. ఫోను సంఖ్యల తనిఖీకి అది సమ్మతమో కాదో ముందే ఆలోచించుకోవాలి.

ఒకటిగా కనిపించేవి ఒకటి కానప్పుడు

వెతుకులాటలో వచ్చే చిక్కులకు మొదట అందరూ సూచించేది నార్మలైజేషన్, అంటే ఒకే గుర్తును రెండు విధాలుగా రాసినప్పుడు ఒకే రూపానికి తేవడం. తెలుగులో అది చేసే పని చిన్నదే: ఐకారపు గుర్తును 3144 అనే ఒకే సంకేతంగా గాని, 3142, 3158 అనే రెండుగా గాని రాయవచ్చు, ఎన్ఎఫ్‌సీ అనే రూపం వాటిని ఒకటి చేస్తుంది, ఎన్ఎఫ్‌డీ అనే రూపం రెండుగా విడదీస్తుంది. నిల్వకు ఎన్ఎఫ్‌సీని ఎంచుకోండి. కానీ దానితో పని అయిపోయిందనుకుంటే పొరపాటే. "సాఫ్ట్‌వేర్" అన్న మాటలో టకారపు పొల్లు తరువాత వకారం వత్తుగా మారకుండా ఆపడానికి 8204 సంఖ్య గల అదృశ్య గుర్తును పెడతారు. అది ఉంటే 11 సంకేతాలు, లేకపోతే 10. ఏ నార్మలైజేషనూ ఆ గుర్తును తీసేయదు, తీసేయకూడదు కూడా, ఎందుకంటే తీస్తే చూడటానికి "సాఫ్ట్వేర్" అవుతుంది. సున్నకు బదులు తెలుగు అంకె ౦ కొట్టినవారి పాఠ్యం మరో సమస్య: మొదటిది 3074, రెండోది 3174, కంటికి ఇంచుమించు ఒకటే. వీటికి నేను వాడే పద్ధతి ఒకటే. అసలు పాఠ్యాన్ని రచయిత రాసినట్లే ఉంచి, పక్కన వెతకడానికి మాత్రమే పనికివచ్చే ఒక నకలు పెట్టుకోవడం. ఆ నకలులో ఎన్ఎఫ్‌సీ చేసి, 8204ను, 8205ను తొలగించి, తెలుగు అక్షరం వెంటనే వచ్చిన ౦ను సున్నగా మార్చాలి.

అకారాది క్రమానికి సార్టెడ్ ఫంక్షన్ సంకేత సంఖ్యలను బట్టి నడుస్తుంది, అది చాలావరకు మన వర్ణమాలలాగే ఉండటం వల్ల తప్పు ఆలస్యంగా బయటపడుతుంది. యూనికోడ్‌లో ఱ సంఖ్య 3121, ళ సంఖ్య 3123, వ సంఖ్య 3125. మన వర్ణమాలలో ళకారం హకారం తరువాత వస్తుంది. కాబట్టి సార్టెడ్ "కళ"ను "కవి"కి ముందు పెడుతుంది, వర్ణమాల క్రమంలో "కవి" ముందు రావాలి. పదిమంది పేర్ల జాబితాకు సార్టెడ్ చాలు. పుస్తకం చివరి పదసూచికకో, నిఘంటువుకో అది చాలదు. అక్కడ ఐసీయూ క్రమాన్ని తీసుకోవచ్చు, లేదా ప్రతి సంకేతానికి మనం కోరిన స్థానాన్ని ఇచ్చే చిన్న పట్టికను రాసి సార్టెడ్‌కు కీగా ఇవ్వవచ్చు. సున్నతో మొదలయ్యే "అం" మాటలను ఎక్కడ ఉంచాలన్న విషయంలో మన నిఘంటువులే ఒక దారిలో నడవలేదు కనుక, నిఘంటువు పనికి నేను రెండో దారినే ఎంచుకుంటాను. అప్పుడు ఏ నిఘంటువును అనుసరించామో ఆ పట్టికలోనే కనిపిస్తుంది, సంపాదకుడు ప్రోగ్రాము చదవకుండానే దాన్ని దిద్దగలుగుతాడు.